తరుగు బటన్

పెళ్లి భోజనాల దగ్గరో, రైల్లోనో నేను సేల్స్‌లో పనిచేసి రిటైరయ్యానని తెలియగానే ఈ కాలం కుర్రాళ్లు ఒక ప్రశ్న అడుగుతుంటారు. కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఉద్యోగం మానేసి, కాంట్రాక్టు మీద నలుగురికీ పని చేసిపెట్టుకుంటూ హాయిగా ఉన్నారు కదండీ, సేల్స్‌లో ఉన్నవాళ్లం మేమూ అలా చేసుకోవచ్చా అని. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెబితే వాళ్లు సంతోషిస్తారు. నాకు ఒక్క ముక్కలో చెప్పే అలవాటు లేదు. ఆ అలవాటు లేకపోవడం వల్లే పాతికేళ్లు నా ఇంట్లో పొయ్యి వెలిగింది. ఆ అలవాటు లేకపోవడం వల్లే ఒకరోజు పొద్దున్న కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద నా పరువు పోయింది. ఆ సంగతి మొత్తం చెబుతాను, ఓపికుంటే వినండి.

నేను బందరు వాణ్ణి. తూకం కాటాలు తయారుచేసే ఒక కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరాను. పళ్లాలూ రాళ్లూ ఉన్న పాత కాటాలు పోయి, ఎర్రటి అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటాలు అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. గుడివాడ రైసు మిల్లులు, బందరు రోల్డ్‌గోల్డ్ దుకాణాలు, దివిసీమ చేపల కొట్లు, అన్నీ నా పరిధిలోవే. నేను అమ్మిన కాటా బాగోగులు చూడటానికి కంపెనీ ఒక మెకానిక్కుని ఇచ్చింది. ఆయనది గుడివాడ. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజు నా స్కూటర్ వెనక కూర్చుంటూ "నెమ్మదిగా పోనీ బావా" అన్నాడు, అప్పటినుంచి ఒకరికొకరం బావలమే.

బావ రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో సగం "ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇయ్యి" అన్నదే. మిగతా మాటలన్నీ ఆయన వాటా కూడా కలిపి నేనే మాట్లాడేవాణ్ణి. ఇద్దరికీ జీతం ఒకటో తారీకున వచ్చేది కాబట్టి ఎవరు ఎంత మాట్లాడారన్న లెక్క ఎవరికీ పట్టలేదు.

తొంభైల చివర్లో కంపెనీ విజయవాడ బ్రాంచి ఎత్తేసింది. మేనేజరుగారు మమ్మల్నిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి, "ఇక నుంచి మీకు మీరే బాసులు. మీరు కమీషన్ మీద అమ్ముకోండి, ఆయన కాంట్రాక్టు మీద రిపేర్లు చేసుకుంటాడు. అడిగేవాడు లేడు" అన్నారు. అడిగేవాడు లేడంటే ఇచ్చేవాడూ లేడని నాకు ఇంటికొచ్చాక మా ఆవిడ చెబితేగానీ వెలగలేదు. మేనేజరుగారు ఆరోజు ఇప్పించిన ఇడ్లీ, వడే ఆ కంపెనీ నుంచి నాకు ముట్టిన చివరి అలవెన్సు.

బావకి మాత్రం ఆ రోజునుంచే దశ తిరిగింది. ఇదివరకు మా కంపెనీ కాటా అయితేనే విప్పాలి. ఇప్పుడు ఎవరి కాటా అయినా విప్పొచ్చు. మిల్లులో కాటా ఆగిపోయినవాడు, 'నువ్వు ఏ కంపెనీ వాడివి' అని అడగడు, 'ఎంతసేపట్లో వస్తావు' అని అడుగుతాడు. రెండు నెలలు తిరక్కుండా గుడివాడ చుట్టుపక్కల ఆయన్ని కాటా డాక్టరు అనడం మొదలుపెట్టారు. బావ ఒక సెకండ్‌హ్యాండ్ మోటారుసైకిల్ కొనుక్కున్నాడు. నా స్కూటర్ వెనక సీటు ఖాళీ అయింది.

నా సంగతి వేరు. మూడు కంపెనీల కాగితాలు ఒకే బ్యాగులో పెట్టుకుని ముదినేపల్లిలో ఒక మిల్లు యజమాని దగ్గరకి వెళ్లాను. ఆయన నన్ను పదేళ్లుగా ఎరుగును.

"ఇప్పుడు ఎవరి తాలూకండీ మీరు?" అన్నాడు.

"ఎవరి తాలూకూ కాదండీ. మూడు కంపెనీలవీ అమ్ముతున్నాను. మీకు ఏది మంచిదైతే అది చెబుతాను."

ఆయన పాపం జాలిగా చూసి, "మూడు కంపెనీల వాళ్లూ పొమ్మన్నారేంటండీ?" అన్నాడు.

మా వైపు ఇంకో ఇబ్బంది ఉంది. మా డెల్టా వాళ్లు ఇంటికొచ్చిన మనిషికి 'వద్దు' అని చెప్పరు. కాఫీ ఇస్తారు, పిల్లల చదువులు అడుగుతారు, చివర్న "చూద్దాంలెండి" అంటారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను ఆ మాటని 'పార్టీ ఆసక్తి కనబరిచారు' అని రిపోర్టులో రాసేవాణ్ణి. విజయవాడలో వాళ్లు సంతోషించేవారు, నా జీతం నాకు వచ్చేది. సొంతంగా తిరగడం మొదలుపెట్టాక ఆ రిపోర్టు రాసుకుని ఎవరికి చూపించను? రోజుకి ఆరు 'చూద్దాంలెండి'లూ ఆరు కాఫీలూ పుచ్చుకుని, నిద్రపట్టక ఇంట్లో దొర్లేవాణ్ణి.

అప్పుడు ఆలోచించాను. బావ చేతిలో పని ఉంది. నా దగ్గర ఏముంది? నోరుంది. కంపెనీ పేరు చెప్పి అమ్మడం మానేసి, మాటతో అమ్మాలి అనుకున్నాను. కాటా మీద బటన్లన్నిటికీ ఇంగ్లీషు పేర్లే ఉండేవి. వాటికి నేనే తెలుగు పేర్లు పెట్టడం మొదలుపెట్టాను. రోల్డ్‌గోల్డ్ దుకాణంలో మిల్లీగ్రాముల దాకా చూపించే కాటాని 'దుమ్ము కూడా తూచే కాటా' అన్నాను, రెండు అమ్ముడుపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. అలాంటి మురిపెంలో ఉండగానే 'టేర్' బటన్ దగ్గరకి వచ్చాను.

దాని పని చాలా చిన్నది. ఖాళీ బుట్టని కాటా మీద పెట్టి ఆ బటన్ నొక్కితే అంకెలు సున్నాకి వస్తాయి. తర్వాత బుట్ట నింపితే లోపలి సరుకు బరువు మాత్రమే చూపిస్తుంది. టేర్ అన్న మాట విన్నప్పుడల్లా నాకు తరుగు గుర్తొచ్చేది. 'తరుగు బటన్' అని పేరు పెట్టాను. పలకడానికి కూడా ఎంత బాగుంది!

రొయ్యల చెరువుల మీద తరుగు అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెప్పాలి. రొయ్యలు నీళ్లోడుతూ బుట్టలోకి వస్తాయి. ఆ నీటికీ, అంటుకున్న నాచుకీ, బురదకీ కలిపి కొనేవాడు తూకంలోంచి కొంత తగ్గిస్తాడు. అదే తరుగు. ఎంత తగ్గించాలన్న దాని మీద, రొయ్యలు పట్టి అమ్మే ప్రతి పట్టుబడికీ రైతుకీ వ్యాపారికీ పెద్ద తగాదా అవుతుంది. పెళ్లి సంబంధాలు తప్పిపోయినంత గొడవలు నేను చూశాను. అలాంటి మాటని తీసుకెళ్లి నేను బటన్‌కి తగిలించాను.

బావకి చెబితే తల అడ్డంగా ఊపాడు. "టేర్‌కి తరుగు అనకు బావా. తరుగు వేరు."

"నువ్వు స్క్రూలు చూసుకో. మాటలు నాకొదిలెయ్" అన్నాను. ఎంత పొగరో చూడండి.

కృత్తివెన్ను వైపు చెరువుల మీద రొయ్యలు కొని ఫ్యాక్టరీలకి పంపే వ్యాపారి ఒకాయన ఉండేవాడు. నలభై ఏళ్ల మనిషి, గొంతు పెద్దది, మనసు మంచిది. ఆయన ముందు కాటా పెట్టి, "ఇది తరుగు బటనండీ" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. "తరుగు మిషనే తీసేసుద్దా?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నా ఉద్యోగ జీవితం మొత్తం మీద నేను చేసిన తప్పు ఆ క్షణంలోనే జరిగింది. ఆయన పొరపాటు పడ్డాడని నాకు తెలిసింది. 'కాదండీ, బుట్ట బరువు మాత్రమే' అనాలి. నెల జీతం వస్తున్న రోజుల్లో అయితే తప్పకుండా అనేవాణ్ణి. కాటా అమ్మినా అమ్మకపోయినా ఒకటో తారీకు ఎక్కడికీ పోదు కాబట్టి నిజాయితీకి ఖర్చుండేది కాదు. ఆరోజు మాత్రం ఆ ఒక్క 'కాదండీ' నాకు చాలా ఖరీదుగా కనిపించింది. "మీరు బటన్ నొక్కండి, మిగతాది అది చూసుకుంటుంది" అన్నాను. వ్యాపారి అక్కడికక్కడే కాటా కొన్నాడు. ఇంకో అరడజను మంది వ్యాపారులకి చెప్పి కొనిపించాడు కూడా. గూడూరు నుంచి నాగాయలంక దాకా నా తరుగు బటన్ వెళ్లింది. మా ఆవిడకి పెడనలో కలంకారీ చీర కొన్నాను.

సరిగ్గా నెల తర్వాత ఒకరోజు పొద్దున్నే మా ఇంట్లో ఫోన్ మోగింది. అవతల వ్యాపారి. "ఉన్నపళంగా రావయ్యా. పట్టుబడి ఆగిపోయింది. చెరువు పెద్దాయన కాటా ముట్టుకోనివ్వట్లేదు. మీ మెకానిక్కుని కూడా పట్టుకురా" అని పెట్టేశాడు. నేను గుడివాడ ఫోన్ చేసి బావకి చెప్పి, స్కూటర్ తీశాను. పెడన దాటేలోపే నాకు సంగతి సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకపోతే బాగుండునని కోరుకుంటూ వెళ్లాను.

ఆ పెద్దాయనదే చెరువు. వ్యాపారికి వరసకి మావయ్య, చుట్టుపక్కల రైతులందరికీ పెద్ద దిక్కు. ఆయనకి అంతకు ముందు రెండు పంటలు జబ్బు తగిలి మొత్తం పోయాయి. ఈ పంట చేతికొస్తేనే చెరువు నిలుస్తుంది, లేకపోతే కౌలుకిచ్చేసి ఊరుకోవాల్సిందే అని ఊరంతా అనుకుంటోంది. తెల్లవారకముందే పట్టిన రొయ్యలు గట్టు మీద బుట్టల్లో ఉన్నాయి. పైన ఐసు, ఐసు మీద తడి గోనెలు. ఎండ ఎక్కుతోంది. గోనెల కింద నుంచి నీళ్లు కారి చెరువులోకే పోతున్నాయి. కాటా పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎవరూ నొక్కకుండా ఆ బటన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని పెద్దాయన కూర్చున్నాడు. చుట్టూ ఇరవై మంది రైతులు.

"నువ్వేనా ఈ తరుగు బటన్ కనిపెట్టింది?" అన్నాడు.

"కనిపెట్టింది నేను కాదండీ. అమ్మింది నేను."

"సరే. ఇది ఎంత తరుగు తీసుద్దో చెప్పు. చేత్తో తీసేటప్పుడు కళ్లారా చూసేవాళ్లం, పోట్లాడేవాళ్లం. ఇదేంటయ్యా, నొక్కగానే సున్నా అంటది. ఎంత మింగిందో చెప్పదు. కనపడకుండా తీసేదాన్ని తరుగంటారా, దొంగతనమంటారా?"

"దొంగతనమే!" అని గట్టు మీద నలుగురైదుగురు అరిచారు.

వ్యాపారి నా భుజం పట్టుకున్నాడు. "చెప్పవయ్యా. మిషన్‌కి మన మనిషీ పరాయి మనిషీ అని ఉండదని చెప్పు. నెల్లాళ్ల నుంచి నేను చేత్తో చిటికెడు తరుగు తీస్తే ఒట్టు. అంతా మిషనే తీస్తోంది. మావయ్య నమ్మట్లేదు."

అప్పుడు నాకు మిగతా సగం అర్థమైంది. బటన్ తీసేది బుట్ట బరువు. తరుగు అది తియ్యదు. మిషన్ తీస్తోందన్న నమ్మకంతో ఈ మహానుభావుడు నెల రోజులుగా తరుగనేదే లేకుండా కొంటున్నాడు! దొంగతనం అని అరుస్తున్న రైతులకి నిజానికి నీళ్లతో సహా తూకం దక్కుతోంది. నేను నిజం చెబితే ఈయనా, ఈయన చెబితే కొన్న మిగతా వ్యాపారులూ నన్ను బతకనివ్వరు. చెప్పకపోతే పెద్దాయన కాటా వదలడు, వ్యాపారి కాటా లేకుండా కొనడు, ఐసు ఎవరి కోసమూ ఆగదు.

ఇంతలో బంటుమిల్లి వైపు నుంచి బావ మోటారుసైకిల్ వచ్చింది. దిగాడు, ఎవరినీ పలకరించలేదు. సంచిలోంచి పది కిలోల రాళ్లు రెండు తీశాడు. పెద్దాయన వైపు చూసి "చెయ్యి తియ్యండి" అన్నాడు. పెద్దాయన తీశాడు. అంతసేపూ ఎవరు బతిమాలినా తియ్యని చెయ్యి! బావ ఒక రాయి పెట్టాడు. పది అని పడింది. బటన్ నొక్కాడు, సున్నా. రెండో రాయి పెట్టాడు, మళ్లీ పది. రెండూ తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"మరి తరుగేదీ?" అన్నాడు పెద్దాయన.

"కాటాలో ఏ లోపమూ లేదండీ. తరుగు సంగతి నాకు తెలీదు" అని బావ గుడ్డతో చేతులు తుడుచుకుని పక్కకి నిలబడ్డాడు.

ఆ చేతులు తుడుచుకోవడం చూసి నాకు ఎంత అసూయ కలిగిందో చెప్పలేను. ఆయన పని అయిపోయింది. నిజమేదో ఆయన రాళ్లు చెప్పేశాయి. కాటా చెడిపోతే ఆయన విప్పి, చెడిన ముక్క తీసేసి, మంచి ముక్క పెట్టగలడు. నేను చెడగొట్టింది కాటాలో లేదు, ఇరవై మంది నోళ్లలో ఉంది. దానికి స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టాలి? కంపెనీలో ఉండి ఉంటే 'పైవాళ్లని కనుక్కుని చెబుతానండీ' అని స్కూటర్ ఎక్కేవాణ్ణి. ఇప్పుడు పైవాణ్ణి కూడా నేనే. మీకు మీరే బాసులు అన్న మాటకి అర్థం అంత స్పష్టంగా నాకు మళ్లీ ఎప్పుడూ తెలియలేదు.

"తరుగు లేదండీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "ఆ బటన్ తరుగు తియ్యదు. బుట్ట బరువు మర్చిపోతుంది, అంతే. తరుగు బటన్ అన్నది నా నోటి దురద. ఈయన అపార్థం చేసుకున్నారని ఆరోజే నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

వ్యాపారి మెల్లగా ఒక ఐసు పెట్టె మీద కూర్చున్నాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకోబోయి, చేతి వేళ్లు చాలవని వదిలేశాడు. అప్పటిదాకా దొంగతనం అని అరిచినవాళ్లలో ముగ్గురు ఆ నెలలోనే ఆయనకి సరుకు అమ్మారట. వాళ్లు ఉన్నట్టుండి మబ్బులెలా ఉన్నాయో చూడటం మొదలుపెట్టారు.

ముందు నవ్వింది పెద్దాయన. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నెల్లాళ్లు తరుగు లేకుండా కొన్నావా అల్లుడూ! ఈ సంగతి తెలిసుంటే నా చెరువు నెల ముందే పట్టేవాణ్ణి కదయ్యా!" తర్వాత నవ్వు ఆపి, "బుట్ట సంగతి మిషన్ చూసుకుంటది. తరుగు సంగతి మనం మాట్లాడుకుందాం, రా. పొద్దెక్కుతోంది" అన్నాడు. ఇద్దరూ ఎప్పటిలాగే పోట్లాడుకుని, ఎప్పటిలాగే మధ్యలో ఒక చోట ఒప్పుకున్నారు. తూకం మొదలైంది. రొయ్యలు చెడలేదు. ఆ ఒక్కటీ జరిగినందుకు నేను ఇప్పటికీ సంతోషిస్తాను.

వ్యాపారి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మిగతావాళ్లకి నేను చెప్పి కొనిపించాను. నిజం మాత్రం నువ్వే వెళ్లి చెప్పు" అన్నాడు.

మర్నాటి నుంచి నాలుగు రోజులు కాటా అమ్మిన ప్రతి చోటుకీ వెళ్లాను. అమ్మడానికి నాకు పట్టిన మాటలు వేలు. వెనక్కి తీసుకోవడానికి నాలుగే: "ఆ బటన్ తరుగు తియ్యదండీ." గూడూరులో ఒకాయన కాటా నా స్కూటర్ మీద పెట్టి తాడు కూడా ఆయనే కట్టాడు. నాగాయలంకలో ఒకాయన అంతా విని చిన్నగా నవ్వాడు. ఆయన బటనూ నొక్కుతున్నాడట, చేత్తో తరుగూ తీస్తున్నాడట. ఆ తిరుగుడులో బావకి పనేమీ లేదు. కాటాల్లో లోపం లేదని ఆయన ముందే తేల్చేశాడు. అయినా నాలుగు రోజులూ తన రిపేర్లు మానుకుని నా స్కూటర్ వెనకే కూర్చున్నాడు. ఒక్క ఇంట్లోనూ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మనిషి మీద నాకున్న ప్రేమ ఎంతో ఆ నాలుగు రోజుల్లోనే నాకు తెలిసింది.

సేల్స్ మానేద్దామనుకున్నాను. చిన్న కిరాణా కొట్టు పెట్టుకుందామని మా ఆవిడతో అన్నాను కూడా. "కొట్లో అయినా మీరు మాట్లాడకుండా ఉంటారా?" అంది. 

మూడు వారాలకి పెద్దాయన కబురు పంపాడు. తనకీ ఒక కాటా కావాలిట. పట్టుబడి రోజున వ్యాపారి కాటాతో పాటు తన కాటా కూడా గట్టు మీద ఉంటే మంచిదని ఆయన ఆలోచన. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూ, బావని ఎక్కించుకుని వెళ్లాను. కాటా అరుగు మీద పెట్టాం. పెద్దాయన పెద్ద గ్లాసుల్లో మజ్జిగ ఇప్పించాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"నువ్వు ఆగు" అన్నాడు పెద్దాయన. బావ వైపు తిరిగి, "నువ్వు చెప్పు. ఈ బటన్ ఏంటి?"

బావ నావైపు చూశాడు.

"ఆయన్ని చూడకు. నువ్వే చెప్పు."

బావ బటన్ మీద వేలు పెట్టాడు. "పేరు సరిగా తెలీదండీ. నొక్కితే బుట్ట బరువు పోద్ది. రొయ్య బరువు ఉంటది."

"అంతేనా?"

"అంతేనండీ."

"అయితే లోపల పెట్టించండి" అన్నాడు పెద్దాయన.

కంపెనీ గ్యారంటీ గురించి నేను కనీసం ఒక్క మాటైనా చెబుదామని నోరు తెరిచాను. పెద్దాయన చెయ్యెత్తి, "నువ్వు మజ్జిగ తాగవయ్యా" అన్నాడు. తాగాను. నోరు విప్పకుండా నేను అమ్మిన మొట్టమొదటి కాటా అదే.